సవరణ: స్పెర్మిన్ పేగు కండరాన్ని సడలించేది లోపలి నుంచి కాదు

మొన్నటి పోస్టులో పేగు గోడలోని నునుపు కండరం గురించి రాస్తూ, స్పెర్మిన్ అనే పాలీఅమైన్ (జీవకణాల్లో ఉండే, ధనావేశాలున్న చిన్న అణువు) కణం లోపలికి దూరి, కండరాన్ని బిగించే ప్రొటీన్లైన యాక్టిన్, మయోసిన్‌ల పట్టు వదిలిస్తుందని, అందుకే కండరం సడలుతుందని చెప్పాను. అది తప్పు. గినీ పిగ్ చిన్నపేగు మీద 1990ల్లో జరిగిన ప్రయోగాల పత్రాలు మళ్లీ చూశాక తెలిసింది.

అసలు పని కణత్వచం (కణం పైపొర) దగ్గరే. పొటాషియం ఎక్కువున్న ద్రావణంలో ఉంచితే పేగు ముక్క బిగుసుకుంటుంది. ఆ పొరలోని చానెళ్లు (కాల్షియం వెళ్లే సన్నని దారులు) తెరుచుకుని బయటి కాల్షియం లోపలికి రావడమే కారణం. స్పెర్మిన్ ఆ రాకకు అడ్డుపడుతుంది, బిగువు తగ్గుతుంది. నాలుగు ధనావేశాలున్న స్పెర్మిన్ ముందు రెండే ఉన్న పుట్రెసిన్ అనే మరో పాలీఅమైన్ బలహీనం.

తమాషా ఏంటంటే, కణత్వచానికి రంధ్రాలు చేసి స్పెర్మిన్‌ను నేరుగా లోపలికి పంపితే కథ తిరగబడుతుంది. మయోసిన్‌కు ఫాస్ఫేట్ అంటుకుని ఉంటేనే కండరం బిగుస్తుంది; ఆ ఫాస్ఫేట్‌ను తీసేసే ఎంజైమును స్పెర్మిన్ అణచేస్తుంది కాబట్టి, అంతే కాల్షియానికి కండరం ఇంకా గట్టిగా బిగుస్తుంది. అంటే నేను రాసింది సరిగ్గా రివర్స్.

ఇంకోటి. సోయాలో స్పెర్మిన్ ఉంటుంది కదా, అది తింటే కడుపునొప్పి తగ్గుతుందా అని కొందరు అడిగారు. నేనలా అనలేదు. అవన్నీ ద్రావణంలో వేలాడదీసిన పేగు ముక్క మీద చూసినవి.