నట్ దగ్గర కొలిచాకే బేరమాడండి

లావు వేళ్లవాళ్లు మెడ వెడల్పుగా ఉండే నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కే స్టీల్ తీగలు వేసుకోవచ్చని, గిటార్ ఎంపిక మీద వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. ఆ పని మాత్రం ఎవరూ చేయకండి. నైలాన్ తీగల లాగుడు మొత్తం సుమారు 40 కిలోలైతే, 12 గేజ్ (అతి సన్నని తీగ మందం 0.012 అంగుళం) స్టీల్ సెట్‌ది 70 దాటుతుంది. బ్రిడ్జి (పైచెక్క మీద తీగలు బిగించే పట్టీ) ఊడొస్తుంది, లేదా పైచెక్క ఉబ్బుతుంది.

బరంపురం, పర్లాకిమిడి షాపుల్లో ఎక్కువగా కనిపించే స్టీల్ తీగల గిటార్లకు నట్ (మెడ పైకొసన తీగలు ఆనే గాట్ల పట్టీ) వెడల్పు 43 మి.మీ.కి అటూ ఇటూగా ఉంటుంది. లావు వేళ్లుంటే మీరు వెతకాల్సింది 44.5 నుంచి 46 మధ్య. సీగల్ ఎస్6 అనే మోడల్‌కి దాదాపు 45.7. ఇంత చిన్న తేడాకేం వస్తుందిలే అనుకోకండి. సీ కార్డ్ పట్టి ఒక్కో తీగా మీటండి. చూపుడు వేలు తగిలి మొదటి తీగ మూగబోతే ఆ మెడ మీకు ఇరుకే.

స్కేలుతో ఒకటో తీగ నుంచి ఆరో తీగ దాకా కూడా కొలవండి. నట్ మీది గాట్లు అంచుల నుంచి మరీ లోపలికి కోసి ఉంటే వెడల్పు మెడ ఉండీ దండగ. అలాగని అంచుకు మరీ దగ్గరగా కోయించినా తీగ జారిపోతుంది. పాత పన్నెండు తీగల గిటార్ దొరికితే ఇంకా నయం: చాలావాటికి నట్ 47 దగ్గర ఉంటుంది, కొత్త నట్ చేయించి ఆరు తీగలే వేసుకోవచ్చు. కాకపోతే మెడ వంకర చూసుకోండి. మన తీరం తేమకి వానాకాలంలో పైచెక్క ఉబ్బి తీగలు ఎత్తు లేస్తాయి. పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు కడ్డీ) దగ్గర ఆరో తీగ ఎత్తు 2.5 మి.మీ. దాటితే నొక్కడం కష్టం.