కంప్యూటర్‌లో అందరికీ కరెంటు పంచే మహారాజశ్రీ ఎస్ఎంపీఎస్ గారికి

అయ్యా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ ఇక్కడ కుశలం లేదు. మీ కుశలం గురించి మీరు ఏనాడూ నిజం చెప్పలేదు. అందుకే నేరుగా విషయానికొస్తాను.

2011లో ఈ డెస్క్‌టాప్ కొన్నప్పుడు క్యాబినెట్ వెనక మూలలో నాలుగు స్క్రూలతో మిమ్మల్ని బిగించారు. ఆ తర్వాత మీ మొహం నేను చూసింది లేదు. నాలుగు జీబీ ర్యామ్ తీసేసి, ఎనిమిది జీబీవి రెండు పెట్టాను. హార్డ్ డిస్క్ పోయి ఎస్ఎస్‌డీ వచ్చింది. రంగురంగుల లైట్లు వెలిగే ఫ్యాన్ ఒకటి వచ్చింది, అది ఎందుకో నన్ను అడక్కండి. చివరికి గ్రాఫిక్స్ కార్డు కూడా తెచ్చాను. నలుగురిని భోజనానికి పిలిచి, వంట మనిషికి చెప్పడం మర్చిపోయాను.

కార్డుకి ఆరు పిన్నుల వైర్ కావాలి. మీ దగ్గర ఆ వైరే లేదు. అక్కడైనా నాకు బుద్ధి రావాల్సింది. రాలేదు. నాలుగు పిన్నుల వైర్లు రెండింటిని కలిపే అడాప్టర్ ఒకటి సంపాదించి తగిలించేశాను. తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టు, ఆ డోలు మీ మెడకి కట్టింది నేనే. ఒప్పుకుంటున్నాను.

మూడో రోజు వీడియో ఒకటి ఎక్స్‌పోర్ట్ అవుతోంది. ఎనభై శాతం దాటింది. టప్ మని స్క్రీన్ నల్లబడింది, దానంతట అదే రీస్టార్ట్ అయింది. ఆ తర్వాత అదే రివాజు. ఎప్పుడైనా బుద్ధి పుడితే నీలం స్క్రీన్ కూడా వచ్చేది. విండోస్ 8తో మొదలైన ఏడుపు మొహం ఉంది చూశారూ, అది. ఏడవాల్సింది నేను, ఏడ్చేది అది. పోనీ ఒక మాట మీద ఉంటుందా అంటే అదీ లేదు. ఒకరోజు మెమరీ మేనేజ్‌మెంట్ అంటుంది, ఇంకోరోజు గ్రాఫిక్స్ డ్రైవర్ పలకడం లేదని వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్ అంటుంది. పూటకో కారణం చెబుతోందంటే అసలు తప్పు సాఫ్ట్‌వేర్‌లో కాకుండా హార్డ్‌వేర్‌లో ఉండొచ్చని ఇప్పుడు తెలిసింది లెండి.

విండోస్ తన దినచర్య రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. కెర్నల్ పవర్ 41 అని ఎర్రగా వరసకట్టి ఉన్నాయి. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే రీబూట్ అయిందట! ఎదురుగా కూర్చుని నోరెళ్లబెట్టి చూసినవాడికా చెప్పడం? దాని కింద, తప్పేమిటో చెప్పే బగ్‌చెక్ కోడ్ సున్నా అని ఉంది. అంటే కారణం రాసిపెట్టే వ్యవధి కూడా విండోస్‌కి దొరకలేదన్నమాట. ఉన్నపళంగా ఊపిరి ఆగినట్టే. ఊపిరి పోసేది ఎవరు? మీరు. నేను పట్టుకున్నది ఎవరిని? ర్యామ్‌ని.

గుడ్డెద్దు చేలో పడ్డట్టు సాగింది నా విచారణ. రెండు ర్యామ్‌లూ పీకి, వాటి బంగారు పళ్లని రబ్బరుతో తోమాను. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెట్టి రాత్రంతా నడిపితే నాలుగు రౌండ్లలో ఒక్క తప్పూ దొరకలేదు. అయినా నా అనుమానం తీరలేదు. ఒక్కొక్కదాన్నే పెట్టి చూశాను. రెండోదానితో రెండు రోజులు క్రాష్ కాలేదు. (ఆ రెండు రోజులూ మెయిల్స్ చూడడం తప్ప నేను చేసిందేమీ లేదు, అది వేరే సంగతి.) అంతే, మొదటిది దోషి అని తీర్పు చెప్పి, ఒక ఫ్రెండ్‌కి ఊరికే ఇచ్చేశాను.

మళ్లీ క్రాష్. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డ్రైవర్లు తీసేసి కొత్తవి వేశాను. విండోసే మళ్లీ ఎక్కించాను. ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ సుద్దలా ఎండిపోయి ఉంటే గీకి కొత్తది రాశాను. వేడి 92 డిగ్రీల నుంచి 64కి దిగింది. ఆ పుణ్యం మాత్రం దక్కింది. మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ కూడా మార్చాను. ఆ తర్వాత క్రాషులన్నీ కచ్చితమైన టైముతో నమోదయ్యాయి.

చివరికి గ్రాఫిక్స్ కార్డు తీసేస్తే రెండు వారాలు కిక్కురుమనలేదు. దొరికాడురా దొంగ అనుకుని, ఆ కార్డుని ఫ్రెండ్ మెషిన్‌లో పెట్టి చూశాం. ఆరు గంటలు నిక్షేపంగా నడిచింది.

అప్పుడు వచ్చాను తమ సన్నిధికి. బయటికి తీసి, ఆకుపచ్చ వైర్‌కీ నల్ల వైర్‌కీ మధ్య పేపర్ క్లిప్ పెడితే ఫ్యాన్ హాయిగా తిరిగింది. ఎంత అమాయకంగా తిరిగారండీ! భారం మోయాల్సి వచ్చినప్పుడు మీరేం చేస్తారో ఆ ఫ్యాన్ చెప్పదు కదా.

మీ ఒంటిమీది స్టిక్కర్ మొదటిసారి పూర్తిగా చదివాను. పైన బొటనవేలంత అక్షరాల్లో 450 వాట్లు. కింద చీమ తల అంత అక్షరాల్లో 12 వోల్టుల లైన్‌కి 17 ఆంపియర్లు. గుణిస్తే 204 వాట్లు! మిగతా గొప్పంతా 5 వోల్టులు, 3.3 వోల్టుల లైన్ల మీద చూపించారు. ఒకప్పటి ప్రాసెసర్లు 5 వోల్టుల మీద బతికేవి కాబట్టి అప్పట్లో చెల్లింది. పెంటియమ్ 4 కాలం నుంచి ఆ బరువు 12 వోల్టుల మీదికి మారింది. మీరు మారలేదు. నా ప్రాసెసర్‌కి 95 వాట్లు. కార్డు స్లాట్ నుంచి 75, ఆరు పిన్నుల వైర్ నుంచి ఇంకో 75 దాకా లాగొచ్చు. అంతా కలిపితే 245. పైన పటారం, లోన లొటారం.

తిరిగి బిగించి, ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా 12 వోల్టులు మోసే పసుపు వైర్ మీద మల్టీమీటర్ పెట్టాను. 12 వోల్టుల్లో అయిదు శాతం దాకా తేడా ఉండొచ్చట, అంటే 11.4 దాకా సరే. మీరు 11.3 చూపించారు. అంతకంటే లోతుగా రెప్పపాటులో పడి లేచేవి మల్టీమీటర్‌కి అందవు కూడా.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది మీ బూడిద రంగు వైర్. పవర్ గుడ్ అంటారు దాన్ని. స్విచ్ నొక్కి, వోల్టేజీలన్నీ కుదుటపడ్డాక 100 నుంచి 500 మిల్లీసెకన్ల లోపు 'ఇక్కడ అంతా క్షేమం' అని మదర్‌బోర్డుకి దానిమీద కబురు పంపుతారు. ఆ కబురు అందితేనే ప్రాసెసర్ లేస్తుంది, ఆగితే అన్నీ రీసెట్. ఇన్నేళ్లూ క్షేమం, క్షేమం అంటూ వచ్చారు. ఒక్క క్షణం తట్టుకోలేక నిజం చెప్పేసి మళ్లీ సర్దుకునేవారు. మీరు నిజం పలికిన ఆ క్షణాలకే నేను క్రాష్ అని పేరు పెట్టుకున్నాను.

జాలీలోంచి టార్చి వేసి చూస్తే రెండు కెపాసిటర్లు నెత్తిన బొప్పి కట్టి ఉన్నాయి. విప్పి చూద్దామని స్క్రూడ్రైవర్ తీశాను. ప్లగ్ పీకేసినా మీ లోపలి పెద్ద కెపాసిటర్లలో చార్జ్ మిగిలి ఉంటుందని గుర్తొచ్చి ఆగిపోయాను. పోతూ పోతూ కూడా షాక్ ఇచ్చే రకం మీరు.

మీ కుర్చీలో కొత్తాయన వచ్చారు. స్టిక్కర్ మీద 550, పసుపు లైన్‌కి 45 ఆంపియర్లు. ఈసారి చిన్న అక్షరాలే ముందు చదివాను. ఎక్స్‌పోర్ట్ నూరు శాతానికి చేరింది.

నిన్న ఆ ఫ్రెండ్ ఫోన్ చేశాడు. "నువ్విచ్చిన ర్యామ్ బ్రహ్మాండంగా ఉందిరా. రెండోది కూడా పాడైతే చెప్పు" అన్నాడు.

ఇట్లు,
ఎనిమిది జీబీతో నెట్టుకొస్తున్న
మీ మాజీ యజమాని