పిన్ని పంపి డిలీట్ చేసిన లేజర్ మెసేజ్‌కి జవాబు

"దగ్గినా తుమ్మినా మూత్రం పడుతోందా? బాత్రూమ్ దాకా ఆగలేకపోతున్నారా? రాత్రి నాలుగుసార్లు లేస్తున్నారా? కోత లేదు, కుట్టు లేదు. 15 నిమిషాల లేజర్‌తో శాశ్వత పరిష్కారం. ఎఫ్‌డీఏ ఆమోదం ఉంది. సైడ్ ఎఫెక్టులు సున్నా."

ఈ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. మా ఫ్యామిలీ గ్రూపులో పిన్ని పెట్టి, రెండు నిమిషాల్లో డిలీట్ చేసింది. తాలింపు ఘాటుకు తుమ్మొస్తే గట్టు పట్టుకుని కాళ్లు మెలేసుకుని ఎందుకు నిలబడుతుందో, పెళ్లిళ్లకు ముదురు రంగు చీరలే ఎందుకు కడుతుందో అప్పుడర్థమైంది.

ముందు "ఎఫ్‌డీఏ ఆమోదం" సంగతి. ఎఫ్‌డీఏ అంటే అమెరికాలో మందులకూ, వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ. పూర్తి అబద్ధమైతే ఇంతమంది నమ్మరు. ఈ తరహా లేజర్, రేడియో ఫ్రీక్వెన్సీ మెషిన్లకు అమెరికాలో అనుమతి ఉన్నమాట నిజమే. కానీ దేనికి? గర్భాశయ ముఖద్వారం, యోని దగ్గర తేడాగా పెరిగిన కణజాలాన్నీ, పులిపిర్లనూ కాల్చేయడానికి. మూత్రం లీకుకి కాదు. 2018 జులైలో ఆ ఎఫ్‌డీఏయే హెచ్చరిక జారీ చేసింది: యోని బిగుతుకనీ, మెనోపాజ్ ఇబ్బందులకనీ, మూత్రం ఆగకపోవడానికనీ ఈ మెషిన్లకు మేం అనుమతివ్వలేదని. ఏడు కంపెనీలకు లేఖలూ రాసింది. ఆటో లైసెన్సు చూపించి లారీ ఎక్కమన్నట్టుంది ఈ వ్యవహారం.

"సైడ్ ఎఫెక్టులు సున్నా" అన్నదానికి జవాబూ ఆ హెచ్చరికలోనే ఉంది. కాలిన గాయాలు, మచ్చకట్టడం, కలయికలో నొప్పి, ఎంతకీ తగ్గని నొప్పి. అందరికీ వస్తాయని కాదు, సున్నా మాత్రం కాదు.

"శాశ్వత పరిష్కారం". లేజర్ వేడి యోని లోపలి పొరకు తగిలి, కణజాలానికి పటుత్వమిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్ కొత్తగా పుట్టి, పైనున్న మూత్రనాళానికి ఆసరా దొరుకుతుందని వాదన. ఆ ఆసరా ఇచ్చే కండరాలు మాత్రం ఇంకా లోతున ఉంటాయి. ఆస్ట్రేలియాలో 101 మంది ఆడవాళ్లలో కొందరికి కార్బన్ డయాక్సైడ్ లేజర్, మిగతావాళ్లకు ఉత్తుత్తి లేజర్ చేసి చూశారు. మూడు నెలల తర్వాత రెండు గుంపులకూ తేడా లేదు. ఎర్బియం అనే ఇంకో రకం లేజర్‌తో స్లొవేనియాలో చేసిన పరీక్షలో కొంత మేలు కనిపించింది, అదీ చెప్పాలి. అయితే చూసింది మూడు నెలలే. మూడు నెలల లెక్కతో "శాశ్వతం" అనెలా రాస్తారు? బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే 'నైస్' సంస్థ 2021లో, లీకుకి ఈ లేజర్ పరిశోధనలో భాగంగా తప్ప వాడొద్దంది.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది మూడు ప్రశ్నలకూ ఒకే మందు చూపించడం. తుమ్మితే పడటం ఆసరా సడలడం వల్ల. ఉన్నపళంగా పరుగెత్తాల్సి రావడం చాలాసార్లు మూత్రాశయం అతిగా ముడుచుకోవడం వల్ల. రాత్రి లేవడం షుగర్ కావచ్చు, కాళ్ల వాపు కావచ్చు, ఇన్ఫెక్షన్ కావచ్చు. మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష లేకుండా ఏది ఏదో ఎవరికి తెలుస్తుంది? పిన్ని ఆ నంబరుకి ఫోన్ చేస్తే అడిగినవి రెండే: వయసెంత, ఎప్పుడొస్తారు. ప్యాకేజీ ధర మాత్రం అడక్కుండానే చెప్పారు.

ఇక లేజర్ కాకపోతే కత్తే గతి అన్నట్టు భయపెట్టడం. మధ్యలో చాలా ఉంది. కటి కండరాల (మూత్రాశయాన్ని కింద నుంచి మోసే కండరాలు) వ్యాయామం మీద వచ్చిన పరీక్షలన్నీ కలిపి, వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2018లో లెక్కేసింది: దగ్గితే, తుమ్మితే పడేవాళ్లలో వ్యాయామం చేసినవాళ్లు 56 శాతం మంది నయమైందన్నారు, చేయనివాళ్లు 6 శాతం. గ్యాస్ ఆపుకున్నట్టు లోపలికి బిగించి వదలాలి. పూటకు కనీసం 8 సార్లు, రోజుకు మూడు పూటలు, మూడు నెలలు. సరిగ్గా బిగిస్తున్నామో లేదో ఒకసారి ఫిజియోథెరపిస్టుతో చూపించుకుంటే మంచిది, చాలామంది పొట్ట బిగించి అదే అనుకుంటారు.

పిన్ని కూడా అలాగే అనుకుంది. ఇప్పుడు సరిచేసుకుని, కుక్కర్ విజిల్ కోసం కాచుకుంటూ లెక్కపెడుతోంది. మూడో వారం. తుమ్మితే ఇంకా పడుతూనే ఉందట.