హైబ్యాక్ నాబ్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ స్నోబోర్డు బైండింగ్ హైబ్యాక్ మీద వెలసిన నాబ్ గారికి,

కొలరాడో కొండల నుంచి తమ కస్టమర్ నమస్కరించి రాయునది. తమరిని ఇటు తిప్పితే, మంచు మీద జారే బోర్డుకు బూటును పట్టి ఉంచే బైండింగ్‌లో పిక్క వెనక ఆనుగా నిలిచే ఆ హైబ్యాక్ మెత్తబడుతుందని, అటు తిప్పితే గట్టిపడుతుందని పెట్టె మీద చదివే కదండీ కొన్నాను. పొద్దున పొడి మంచులో మెత్తగా, మధ్యాహ్నం గడ్డకట్టిన మంచు మీద బోర్డు మడమవైపు అంచుకు పట్టు చిక్కేలా గట్టిగా అన్నారు. నిన్న సరిగ్గా ఆ గట్టిదనం కావాల్సినప్పుడే తమరు బిగుసుకుపోయారు. గ్లవ్స్ తీసి తిప్పితే నా వేళ్లు కొయ్యబారాయి గానీ తమరు కదల్లేదు. మధ్యాహ్నమంతా లాడ్జిలో కూర్చున్నాను. లిఫ్ట్ టికెట్ రేటు సంగతి ఇంకో ఉత్తరంలో.

అక్కడ తీరిగ్గా తమరిని పరిశీలించాను. 1 నుంచి 5 దాకా అంకెలన్నీ అరిగిపోయాయి. పక్కనే పేటెంట్ నంబరు మాత్రం శిలాశాసనంలా నిలిచి ఉంది. ఉండదా మరి! సరుకు మీద పేటెంట్ గుర్తు లేకపోతే కాపీ కొట్టినవాడి నుంచి పాత నష్టపరిహారం రాబట్టడం కష్టమంటుంది అమెరికా చట్టం. నా పిక్కకు పనికొచ్చే అంకె చెరిగినా ఫర్వాలేదు, కోర్టులో పనికొచ్చేది చెరగకూడదు.

ఇంత చిన్న పనికి లోపల అన్ని పళ్లచక్రాలెందుకండీ? నా అనుమానం ఒకటే. పేటెంటంటే పక్కవాణ్ణి ఆపే హక్కు. పేటెంట్ ఉన్నవాడి క్లెయిమ్‌లో, అంటే హక్కు హద్దులు చెప్పే వాక్యంలో, రాసిన భాగాల్లో ఒక్కటి తప్పిస్తే చాలావరకు గొడవ ఉండదు. తిన్నగా జరిపే బిళ్ల ఎవరో ముందే రాసేసుకుని ఉంటారు, మీవాళ్లు చుట్టూ తిరిగొచ్చారు. కాలికి ఏది సుఖమో లాయరునే అడిగినట్టున్నారు.

బోర్డుకు బిగించే స్క్రూల మధ్య దూరం 4 సెంటీమీటర్లని చాలా కంపెనీలు ఒక మాట మీదకొచ్చాయి. నీ దగ్గరికొచ్చేసరికే ఎవరి గోల వాళ్లది! పక్క కంపెనీ నాబ్ పట్టదు. మీవాళ్లనడిగితే ఆ మోడల్ ఆపేశాం, కొత్తది కొనుక్కోండి అన్నారు. దరఖాస్తు పెట్టిన రోజు నుంచి 20 ఏళ్లు నిండేదాకా ఇంకెవడూ నిన్ను చేయకూడదు, మీవాళ్లేమో చేయరు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. సిగ్గుండాలి!

నిన్ను పీకేశాను. ఆ రంధ్రంలో హార్డ్‌వేర్ షాపు బోల్టొకటి బిగించాను. ఒకటే గట్టిదనం, కానీ నిలబడుతోంది. అది ఏ క్లెయిమ్ కిందకొస్తుందో మీ లాయర్ని కనుక్కో.