దయ్యాల ఆటల మీద తిరుగుతున్న సందేశానికి జవాబు

ఒడిశాలోని మన బరంపురం తెలుగు వాట్సాప్ బృందాల్లో ఈ వారం ఎక్కడ చూసినా ఒకటే సందేశం. బంధువులు పంపారు, చదువుకున్న స్నేహితులు పంపారు, బడిలో పాఠాలు చెప్పే మాస్టారు ఒకరు కూడా పంపారు. "మీ పిల్లలు దయ్యాల ఆటలు ఆడుతున్నారా? తస్మాత్ జాగ్రత్త" అని మొదలై ఐదు అంశాలు చెబుతుంది. దయ్యాలూ భయాలూ ఉండే ఈ వీడియో గేములను విదేశాల్లో సైతాను భక్తులు తయారు చేస్తారట. వాటి సంగీతంలో క్షుద్రమంత్రాలు ఉంటాయట. మన ప్రభుత్వం వీటిని నిషేధించిందట. పాత్రలో మునిగిన పిల్లవాడు నిజంగానే హంతకుడు అవుతాడట. పిల్లవాడికి నిద్ర పట్టకపోయినా, మూర్ఛ వచ్చినా, తనలో తాను మాట్లాడుకున్నా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళకుండా గుణియాను, అంటే భూతవైద్యుణ్ణి, పిలిపించాలట, చిల్లంగి (చేతబడి) పెట్టిన ఇరుగుపొరుగు ఎవరో కనిపెట్టాలట.

"ఎవరికైనా పనికొస్తుందని పంపాను" అంటున్నారు. చివరిదాకా చదివారా అంటే సమాధానం లేదు.

సైతాను సంగతి ముందు తేల్చేద్దాం. ఈ తరహా ఆటలకు తొలి నమూనాల్లో ఒకటైన 'స్వీట్ హోమ్'ను జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1989లో విడుదల చేసింది. అందులో ఐదుగురు మనుషులు, ఒక్కొక్కరి దగ్గర ఒక్కో పనిముట్టు. చనిపోయినవాళ్ళు తిరిగి రారు, ఎంతమంది మిగిలారన్నదాన్ని బట్టి ముగింపు మారుతుంది. నెలజీతానికి పనిచేసే ఉద్యోగులు రాసుకున్న లెక్క అది. ఇక మంత్రాలంటారా, ఏ ఆటలో, ఏ పాటలో ఉన్నాయో చెప్పమనండి, విందాం.

నిషేధం కూడా అబద్ధమే. 2025లో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ ఆటల చట్టం డబ్బు పందెం కాసే ఆటలను ఆపింది. 2020లో పబ్‌జీతో సహా 118 యాప్‌లను తొలగించినప్పుడు కేంద్రం దేశ భద్రత, సమాచార భద్రత గురించి మాట్లాడింది. రెండింటిలోనూ దయ్యాల ఊసు లేదు.

నాలుగో అంశం, పిల్లవాడు హంతకుడవుతాడన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఈ ఆటల్లో పిల్లలకు ఏం నచ్చుతోందో తెలుసుకోకుండానే ఈ సందేశం తీర్పు చెప్పేసింది. 2016లో వచ్చిన 'డార్కెస్ట్ డంజన్' చూడండి. నలుగురు వీరులను నేలమాళిగల్లోకి నడిపించాలి. దివిటీ వెలుగు అడుగడుగునా తగ్గిపోతుంది. వెలుగు తగ్గేకొద్దీ దొరికే సొమ్ము పెరుగుతుంది, ప్రమాదమూ పెరుగుతుంది. ప్రతి వీరుడికీ మానసిక ఒత్తిడి లెక్క ఉంటుంది. అది 100కు చేరితే ఒకడు తోటివాళ్ళను అనుమానిస్తాడు, మరొకడు వైద్యం చేయబోతే చేయించుకోనంటాడు. ఎప్పుడో ఒకసారి ఒకడు మాత్రం ఆ 100 దగ్గరే ధైర్యం తెచ్చుకుని మిగిలిన ముగ్గురినీ నిలబెడతాడు. 200కు చేరితే గుండెపోటు. పోయినవాడు పోయినట్టే, శ్మశానంలో వాడి పేరు చేరుతుంది. ఎన్నో రోజులు పెంచుకున్న మనిషిని ఇంకొక గది లోపలికి పంపాలా, ఇంటికి తిప్పాలా అన్నది ఆడేవాడే తేల్చుకోవాలి. నా మేనల్లుడు ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. సగం నేలమాళిగ మిగిలి ఉండగానే, చేతికొచ్చే బంగారం వదిలేసి, గాయపడిన ఒక్కడి కోసం వెనక్కి తిప్పాడు. ఈ ఆటల ఆకర్షణ అంతా అక్కడే ఉంది: భయం ఉంటుంది, దాని పగ్గాలు ఆడేవాడి చేతిలోనే ఉంటాయి.

వేషం కడితే మనిషి మారిపోతాడా? రెండేళ్ళకోసారి మన బరంపురంలోనే బుడీ ఠాకురాణి జాతరలో మొక్కు తీర్చుకోవడానికి పులి వేషాలు, రాక్షస వేషాలు కడుతున్నాం. జాతర ముగిసిన మర్నాడు వాళ్ళలో ఎవరైనా మనుషుల మీద పడ్డారా? 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు వెయ్యిమందికి పైగా బ్రిటిష్ పిల్లలను, వాళ్ళ తల్లిదండ్రులను అడిగి చూస్తే, హింస ఉన్న ఆటలకూ పిల్లల దూకుడు ప్రవర్తనకూ సంబంధం కనబడలేదు.

ఇక ఐదో అంశం. నన్ను కూర్చోబెట్టి ఇదంతా రాయించింది ఇదే. 2019లో మన బరంపురం ఉన్న ఇదే గంజాం జిల్లాలో, ఖల్లికోట దగ్గరి గోపపూర్ గ్రామంలో, చేతబడి చేశారన్న అనుమానంతో ఆరుగురు వృద్ధులను పట్టుకుని కొట్టారు, పళ్ళు ఊడబెరికారు, మలం తినిపించారు. ఊళ్ళో మరణాలు, జబ్బులు వస్తే కారణం వెతుకుతూ వాళ్ళ దగ్గర ఆగారు. ఇలాంటివి ఆపడానికే ఒడిశా 2013లో ప్రత్యేక చట్టం చేసుకోవాల్సి వచ్చింది. మీరు పంపిన సందేశం "చిల్లంగి పెట్టినవాళ్ళను కనిపెట్టండి" అంటోంది. కనిపెట్టేది ఎవరిని? అండ లేని ముసలమ్మనో, వీధి చివర ఒంటరిగా ఉండే వితంతువునో. రేపు ఎవరి ఇంటి ముందైనా గుంపు చేరితే, "నేను ఊరికే ఫార్వర్డ్ చేశాను" అని పోలీసులకు చెబుతారా? శుభోదయం పువ్వుల మధ్యలో ఇంత విషం పంపడానికి మీకు ఒక్క వేలి కదలిక సరిపోయింది. మహా ప్రజాసేవ!

పిల్లవాడి సంగతి కూడా చూడండి. నిద్ర లేకపోవడం, ఎవరితోనూ కలవకపోవడం, లేని గొంతులు వినిపించడం మానసిక జబ్బుకు తొలి లక్షణాలు కావచ్చు. చికిత్స ఎంత ముందుగా మొదలైతే అంత మంచిది. గుణియా చుట్టూ తిరిగిన నెలలు ఆ బిడ్డకు తిరిగి రావు.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. ఆట ఆడుతుండగా మూర్ఛ రావచ్చన్న మాట పూర్తిగా కల్పన కాదు. వేగంగా మెరిసే వెలుగులు కొందరిలో మూర్ఛను రేపుతాయి, ఆటల మొదట్లో వచ్చే హెచ్చరిక అందుకే. 1997లో జపాన్‌లో పోకెమాన్ కార్టూన్‌లోని మెరుపుల వల్ల వందలమంది పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. భయానక ఆటలన్నీ పిల్లలవి కావన్నది కూడా నిజమే. 2018 నాటి 'ఫియర్ అండ్ హంగర్'లో లైంగిక హింస ఉంది, అది పెద్దవాళ్ళకు మాత్రమే. 'ఒమోరి' బొమ్మలు చూసి చిన్నపిల్లల ఆట అనుకుంటాం. అందులో కుంగుబాటు, ఆత్మహత్య ప్రస్తావనలు ఉన్నాయని ఆటే ముందుగా చెబుతుంది. ఫోను చేతికిచ్చే ముందు ఆ హెచ్చరికలు చదవాల్సింది మనమే.

మూర్ఛ వస్తే పిల్లవాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. సరైన మందులు వాడితే మూర్ఛ ఉన్నవారిలో 70 శాతం దాకా మూర్ఛ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనసు బాగోలేదనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. ఆ సందేశం పంపినవాళ్ళు దాన్ని తీసేసి, ఈ నంబరును అదే బృందంలో పెట్టండి.