అందరి నడుముకీ తుపాకీ ఉన్న ఊరు ఎక్కడుందో చూపించండి

మళ్లీ వచ్చింది. మొదట కాలేజీ గ్రూపులో, తర్వాత ఇక్కడ డాలస్‌లో మా కాలనీ తెలుగువాళ్ల గ్రూపులో, నిన్న రాత్రి మా అన్నయ్య దగ్గర్నుంచి. పైన నలుపు తెలుపు ఫొటో, తెల్ల గుర్రం మీద కళ్లకు ముసుగు కట్టుకున్న లోన్ రేంజర్, పాత అమెరికా టీవీ కౌబాయ్ షో హీరో. కింద పొడుగాటి మెసేజ్, చివర దండం పెడుతున్న చేతులు. అమెరికాలో డెబ్బై దాటినవాళ్లు తమలో తాము పంచుకునే ఇంగ్లిష్ పోస్టును ఎవరో తెలుగు చేసి వదిలారు. ‘నిజం అన్నా’, ‘ఆ రోజులే వేరు’ అంటూ కింద స్పందనలు. ఊరుకుందామనే అనుకున్నాను. కానీ అందులో తుపాకుల గురించి ఒక పేరా ఉంది. దాన్ని మనవాళ్లు చదవకుండా పంపుతున్నారో, చదివి మరీ పంపుతున్నారో తెలియడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మెసేజ్‌లో ఉన్నది క్లుప్తంగా ఇది. మన చిన్నప్పుడు సాయంత్రమైతే ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని గన్‌స్మోక్, బొనాంజా, రైఫిల్‌మ్యాన్ లాంటి కౌబాయ్ షోలు చూసేవాళ్లం. మంచివాడిది తెల్ల టోపీ, చెడ్డవాడిది నల్ల టోపీ, అంతా స్పష్టంగా ఉండేది. వ్యాపారం లేదు, విలువలే ఉండేవి. అమెరికా అసలు చరిత్ర మనకు ఆ షోలే నేర్పాయి. ఆ కాలంలో ప్రతివాడి నడుముకీ తుపాకీ ఉండేది, అందుకే ప్రతివాడికీ మర్యాద తెలిసేది. మనం పొద్దస్తమానం బొమ్మ తుపాకులతో ఆడుకున్నాం, ఒక్కడూ హంతకుడు కాలేదు. తుపాకులు లాక్కోవాలని చూస్తున్న ఈ రోజుల్లోనే నేరాలు పెరిగాయి.

ముందు చిన్నవి తేల్చేస్తాను.

‘మన చిన్నప్పుడు’ అనే మాట మనకు వర్తించదు. గన్‌స్మోక్ అమెరికాలో 1955లో మొదలై 1975లో ఆగిపోయింది. హైదరాబాద్‌కు దూరదర్శన్ వచ్చింది 1977లో. అంతకు ముందు 1975-76లో ఉపగ్రహం ద్వారా కొన్ని తెలుగు పల్లెలకు టీవీ వచ్చిన మాట నిజమే, కానీ అందులో చూపించింది వ్యవసాయం, ఆరోగ్యం, బడి పాఠాలు. మన తరానికి కౌబాయ్ అంటే 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’తో థియేటర్లోకి వచ్చిన కృష్ణగారు. ఎవరి జ్ఞాపకం వాళ్లది. వాళ్లది వాళ్లకు వదిలేద్దాం.

తెల్ల టోపీ, నల్ల టోపీ సంగతి. అమెరికా టీవీలో మొట్టమొదట పిల్లల్ని ఊపేసిన కౌబాయ్ హొపలాంగ్ కాసిడీ నల్ల బట్టలు, నల్ల టోపీ వేసుకునేవాడు. ‘హావ్ గన్ విల్ ట్రావెల్’ హీరో పాలడిన్ కూడా అంతే, తల నుంచి కాలి దాకా నలుపే. ఆ షోలు చూసినవాళ్లు ఈ వాక్యం రాయరు.

వ్యాపారం లేదన్నది ఇంకా అన్యాయం. గన్‌స్మోక్‌కు చాలాకాలం స్పాన్సర్ ఒక సిగరెట్ కంపెనీ. బొనాంజాను మొదటి నుంచీ రంగుల్లో తీయడానికి ఒక కారణం ఉంది. దాన్ని ప్రసారం చేసిన చానల్ యజమాని ఆర్‌సీఏ, రంగుల టీవీలు అమ్ముకునే కంపెనీ. 1958-59లో అమెరికాలో జనం ఎక్కువగా చూసిన పది షోలలో ఏడు కౌబాయ్ కథలే. అంతమంది పిల్లలు కళ్లార్పకుండా చూస్తుంటే టోపీలు, టిఫిన్ డబ్బాలు, బొమ్మ తుపాకులు తయారుచేసేవాళ్లు చేతులు కట్టుకుని కూర్చుంటారా?

ఇక తుపాకుల పేరా. నాకు కోపం తెప్పించింది ఇదే.

గన్‌స్మోక్ కథ జరిగేది కాన్సాస్ రాష్ట్రంలోని డాడ్జ్ సిటీలో. అది నిజంగా ఉన్న ఊరు. టెక్సాస్ నుంచి పశువుల మందల్ని తోలుకొచ్చి రైలెక్కించే చోటు. నెలల తరబడి దుమ్ములో నడిచొచ్చిన కుర్రాళ్లు, చేతిలో జీతం డబ్బు, ఎదురుగా సారా కొట్లు. అలాంటి ఊళ్లో జనం ఏం చేశారో తెలుసా? తుపాకులు పట్టుకు తిరగకూడదని కట్టడి పెట్టారు. 1870ల చివర్లో ఆ ఊరి ఫ్రంట్ స్ట్రీట్‌లో తీసిన ఫొటో ఒకటి ఇప్పటికీ దొరుకుతుంది. మట్టి రోడ్డు, వరసగా చెక్క దుకాణాలు, ముందు ఒక బావి. దాని మీద పెద్ద పలక. ‘తుపాకులు పట్టుకు తిరగడం ఖచ్చితంగా నిషేధం’ అని రాసి ఉంటుంది. అదే పలక మీద ఒక టానిక్ మందు ప్రకటన కూడా ఉంటుంది. గూగుల్‌లో వెతికితే నిమిషంలో కనిపిస్తుంది. ఫార్వర్డ్ నొక్కే ముందు ఆ ఒక్క నిమిషం పెట్టండి.

డాడ్జ్ సిటీ ఒక్కటే కాదు. అదే కాన్సాస్‌లోని విచిటాలో ఊరి మొదట్లోనే ‘మీ రివాల్వర్లు పోలీసు ఆఫీసులో ఇచ్చి టోకెన్ తీసుకోండి’ అని పలక పెట్టారు. అదే రాష్ట్రంలోని ఆబిలీన్‌లో 1870లో మార్షల్‌గా, అంటే ఊరి పోలీసు అధికారిగా ఉన్న టామ్ స్మిత్ తుపాకుల నిషేధాన్ని ఎక్కువగా ఉత్త చేతులతో, పిడిగుద్దులతోనే అమలు చేశాడని పేరు. ఆయన తర్వాత వచ్చినవాడు పేరుమోసిన తుపాకీవీరుడు, వైల్డ్ బిల్ హికాక్. 1871 అక్టోబరులో వీధి గొడవలో ఒకణ్ణి కాల్చాడు. అదే క్షణంలో తనకు సాయంగా పరుగెత్తుకొస్తున్న సొంత డిప్యూటీని చీకట్లో శత్రువనుకుని కాల్చి చంపాడు. తుపాకీ పట్టడంలో దేశంలోనే పేరున్నవాడి చేతిలో జరిగింది ఇది. ‘ప్రతివాడి దగ్గరా తుపాకీ ఉంటే’ అని మెసేజ్‌లు రాసేవాళ్లు ఆ డిప్యూటీ మైక్ విలియమ్స్ గురించి ఒక్క క్షణం ఆలోచించాలి.

ఎన్నో సినిమాలకు, షోలకు మూలమైన టూంబ్‌స్టోన్ కాల్పులు కూడా తుపాకుల నిషేధం మీద వచ్చిన గొడవే. అరిజోనాలోని ఆ ఊళ్లో ఆయుధాలతో తిరగకూడదని 1881 ఏప్రిల్‌లో చట్టం చేశారు. అక్టోబర్ 26న ఊరి చట్టాన్ని అమలు చేసే ఎర్ప్ అన్నదమ్ములు, వాళ్ల స్నేహితుడు డాక్ హాలిడే వెళ్లింది ఆ చట్టం కింద కొందరి తుపాకులు తీసుకోవడానికి. అర నిమిషంలో ముగ్గురు చచ్చిపోయారు. ఆ అర నిమిషం చుట్టూ టీవీలో ఏళ్ల తరబడి కథలల్లారు. చట్టం సంగతి మాత్రం ఎవరికీ గుర్తులేదు.

కాన్సాస్‌లోని ఐదు పశువుల ఊళ్లలో 1870 నుంచి 1885 దాకా జరిగిన హత్యల్ని చరిత్రకారుడు రాబర్ట్ డిక్‌స్ట్రా లెక్క తీశాడు. మొత్తం 45. టీవీలో చూపించినట్టు రోజుకో ద్వంద్వ యుద్ధం ఎక్కడా లేదు. అలాగని ఊళ్లు చిన్నవి కాబట్టి జనాభాతో పోలిస్తే అది తక్కువ కూడా కాదు. తుపాకీ మనిషికి మర్యాద నేర్పేదైతే, ఆ ఊళ్ల పెద్దలు దాన్ని ఊళ్లో పట్టుకు తిరగనివ్వకుండా ఎందుకు ఆపారు? వాళ్లకు తెలియనిది ఈ మెసేజ్ రాసినవాడికి తెలుసా?

ఇక ‘తుపాకులు లాక్కుంటున్న ఈ రోజుల్లో’ అట. ఎవరు లాక్కుంటున్నారు? కాన్సాస్‌లో 2015 నుంచి లైసెన్సు లేకుండానే తుపాకీ దాచుకుని తిరగొచ్చు. నేనుండే టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి అంతే. మెసేజ్ ఏ కాలాన్ని తలుచుకుని నిట్టూరుస్తోందో ఆ కాలపు డాడ్జ్ సిటీలో తుపాకీ చట్టం ఇప్పటికన్నా గట్టిది.

‘ఒక్కడూ హంతకుడు కాలేదు’ అన్న మాట చూద్దాం. 1958లో ఎనిమిదేళ్లకు టీవీ ముందు కూర్చున్న పిల్లవాడికి 1980లో ముప్పై ఏళ్లు. అమెరికాలో 1960లో లక్షమందికి 5.1 హత్యలు జరిగితే, 1980లో 10.2 జరిగాయి. రెట్టింపు. దానికి కారణం టీవీ షోలని నేను అనడం లేదు, కారణాలు చాలా ఉన్నాయి. కానీ ఆ తరం ఎదిగిన ఏళ్లలోనే హత్యలు రెట్టింపయ్యాయి కదా, ఒక్కడూ కాలేదని ఏ ముఖంతో రాస్తారు?

ఈ మెసేజ్ తెలుగులో తిరగడం చూస్తుంటే నాకు కడుపు రగిలిపోతోంది. 2017 ఫిబ్రవరి 22 రాత్రి, అదే కాన్సాస్‌లో, ఓలేత అనే ఊళ్లో, ఆఫీసు అయ్యాక బార్‌లో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజినీర్లను ఒకడు తిట్టాడు. వాణ్ణి బయటికి పంపేశారు. వాడు తుపాకీతో తిరిగొచ్చి, ‘మా దేశం నుంచి పొండి’ అని అరుస్తూ కాల్చాడు. ఒకరు చనిపోయారు, ఒకరు గాయపడ్డారు. అడ్డుకోబోయిన అమెరికన్ కుర్రాడికీ తూటా తగిలింది. ఆ వారం మన గ్రూపులన్నీ కొవ్వొత్తుల ఫొటోలతో నిండిపోయాయి. ఇప్పుడు ‘తుపాకీ ఉంటే మర్యాద ఉంటుంది’ అని పంపుతున్నదీ ఆ గ్రూపులే, కొన్నిసార్లు ఆ మనుషులే. అన్నయ్యా, వదినా, బాబాయ్, ఎవరైనా సరే, ఓలేతలో ఆ రాత్రి తుపాకీ ఎవరికి ఏ మర్యాద నేర్పిందో నాకు చెప్పండి. మర్యాదగా కూర్చున్నవాళ్లకే కదా తూటాలు తగిలింది?

చరిత్ర నేర్పాయన్న ముక్క గురించి కూడా కొంచెం చెప్పాలి. ఆ షోల్లో భూమి ఖాళీగా ఉంటుంది. ఈకల టోపీలు పెట్టుకున్నవాళ్లు కొండ వెనక నుంచి అరుస్తూ వచ్చి బండ్ల మీద పడతారు. 1864లో కొలరాడోలోని శాండ్ క్రీక్‌లో, 1890లో దక్షిణ డకోటాలోని వూండెడ్ నీ దగ్గర సైనికులు ఆడవాళ్లనీ పిల్లల్నీ కూడా చంపిన సంగతి అక్కడ తెలియదు. ఆ నేల అసలు మనుషులకు అమెరికా పౌరసత్వం చట్టప్రకారం అందరికీ వచ్చింది 1924లో అని కూడా తెలియదు. కౌబాయ్‌లలో సుమారు నాలుగో వంతు నల్లవాళ్లని చరిత్రకారుల అంచనా. తాడు విసరడం, జీను కట్టడం లాంటి పనితనం చాలావరకు మెక్సికో పశువుల కాపరుల దగ్గర నేర్చుకున్నదే. టీవీలో మాత్రం కౌబాయ్‌లు దాదాపు అంతా తెల్లవాళ్లే. లోన్ రేంజర్ పక్కనుండే ఆదివాసీ తోడు టోంటోగా వేసిన జే సిల్వర్‌హీల్స్ కెనడాలోని మోహాక్ తెగవాడు, మంచి లక్రాస్ ఆటగాడు, అందగాడు. ఆయనకు ఇచ్చినవి ముక్కలు ముక్కలుగా మాట్లాడే డైలాగులు. ఒక జాతి మొత్తాన్ని పిల్లల ముందు అలా మాట్లాడించారు. తర్వాత వియత్నాంలో అమెరికా సైనికులు శత్రువులున్న ప్రాంతాన్ని ‘ఇండియన్ కంట్రీ’ అని పిలిచేవాళ్లు. ఆ షోలు నేర్పిన చరిత్ర ఎంత దూరం వెళ్లిందో అక్కడ కనబడుతుంది.

ఇంత చెప్పాక ఒకటి ఒప్పుకోవాలి, చాలామంది ఒప్పుకోనిది. ఆ షోలు చెడ్డవి కావు. ఉద్యోగానికి వచ్చినవాళ్ల కుటుంబానికి ఇచ్చే హెచ్4 వీసా మీద ఉద్యోగం లేకుండా ఇంట్లో ఉన్న రోజుల్లో మధ్యాహ్నాలు గన్‌స్మోక్ పాత ఎపిసోడ్లు చూసేదాన్ని. మొదట్లో వచ్చిన కొన్ని ఎపిసోడ్లలో కథ మొదలయ్యే ముందు మార్షల్ మాట్ డిలన్ ఊరి బయట శ్మశానం దగ్గర నడుస్తూ, అక్కడ పడుకున్నవాళ్ల గురించి తనలో తాను మాట్లాడుకుంటాడు. వాళ్లలో కొందరిని పడుకోబెట్టింది తనే. ఆ బరువు డిలన్‌గా వేసిన జేమ్స్ ఆర్నెస్ ముఖంలో కనిపిస్తుంది. రైఫిల్‌మ్యాన్‌లో తల్లి లేని కొడుకును పెంచే తండ్రి, వాడు అడిగే ప్రశ్నలకు కూర్చోబెట్టి జవాబు చెబుతాడు. అంత ఓపికగా కొడుకుతో మాట్లాడే తండ్రి మన తెర మీద నాకు అరుదుగా కనిపించాడు. ఇక మెసేజ్ పైన ఫొటోలో ఉన్న లోన్ రేంజర్ ప్రాణం తీయడానికి ఎప్పుడూ కాల్చడు, ఎదుటివాడి చేతిలో తుపాకీ ఎగిరిపడేలా కాలుస్తాడు. ఆ పాత్రకు రాసుకున్న నియమమే అది. హీరో ఒక్కడే వందమందిని నరుకుతుంటే ఈలలు వేసే మన సినిమాల పక్కన పెడితే, ప్రాణానికి విలువిచ్చింది ఆ నలుపు తెలుపు షోలే. నా పిల్లల్ని ఏదో ఒకటి చూడమంటే నేను వాటినే చూడమంటాను, పక్కన కూర్చుని టోంటో గురించి చెబుతూ.

అందుకే ఈ మెసేజ్ నాకు ఇంకా బాధ కలిగిస్తోంది. చంపకూడదన్న మనిషి ఫొటో పైన పెట్టి, కింద తుపాకులకు ప్రచారం చేస్తున్నారు.

పంపాలనుకునేవాళ్లు ఫొటో ఉంచండి, ఇంటిల్లిపాదీ కలిసి కూర్చున్న ముచ్చట ఉంచండి. తుపాకుల పేరా, చరిత్ర పేరా తీసేయండి. ఇప్పటికే పంపిన గ్రూపుల్లో డిలీట్ చేయండి. ముఖ్యంగా ఇక్కడికి కొత్తగా చదువుకోడానికి వచ్చిన మన విద్యార్థుల గ్రూపుల్లో. ఆ పిల్లల్లో కొందరు రాత్రిపూట గ్యాస్ స్టేషన్లలో కౌంటర్ దగ్గర ఒంటరిగా నిలబడి పనిచేస్తున్నారు.