ఘాటు మనది, నోబెల్ వాళ్లది

2021లో వైద్యశాస్త్రానికి నోబెల్ ప్రకటించిన నాడు గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతూనే ఉన్నాయి, హమాలీలు తుమ్ముతూనే ఉన్నారు. అంత అన్యాయం జరిగినా ఊరు ఊరుకుంది. నేను ఊరుకోను.

మిరపకాయ కొరికితే నోరెందుకు మండుతుందో తేల్చినందుకు అమెరికాలో డేవిడ్ జూలియస్ గారు ఆ బహుమతిని ఇంకొకాయనతో కలిసి పట్టుకుపోయారు. నరాల కొసన టీఆర్‌పీవీ1 అనే తలుపు ఒకటి ఉందట. 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే తెరుచుకోవడం దాని డ్యూటీ. మిరపలోని క్యాప్సైసిన్ దొంగతాళంతో అదే తలుపు తీస్తుంది, మెదడేమో నిజంగానే కాలుతోందనుకుని గోల పెడుతుంది. ఇది 1997లో కనిపెట్టారు. మే నెల మధ్యాహ్నం బ్రాడీపేటలో నిలబెడితే ఆ తలుపు మిరపకాయ లేకుండానే తెరుచుకునేది, ల్యాబు ఖర్చు మిగిలేది.

అయినా ఇందులో కొత్తేముంది? "నీళ్లు తాగితే మంట తగ్గదురా, పెరుగన్నం తిను" అని మా అమ్మమ్మ చెంబు లాక్కునేది. క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. తొడిమలు తీసే ఆడవాళ్లు చేతుల మంటకు నూనె రాసుకునేది అందుకే. వాళ్లలో ఒక్కరికీ స్టాక్‌హోమ్ నుంచి ఫోన్ రాలేదు.

పసుపు విషయంలోనూ ఇదే తంతు. గాయానికి పసుపు పెట్టడం తమ ఆవిష్కరణ అంటూ 1995లో అమెరికాలో పేటెంట్ తీసుకున్నారు. మన ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ కొట్లాడి 1997లో రద్దు చేయించింది. అందుకు చూపించింది సంస్కృత గ్రంథం, 1953 నాటి వైద్య పత్రికలో వ్యాసం. పసుపు యార్డున్న దుగ్గిరాల నుంచి విమానం నిండా అమ్మమ్మలను తీసుకెళ్లినా లాభం లేకపోయేది. అమ్మమ్మలకు పేజీ నంబర్లుండవు.

ఇదంతా వివరంగా రాసి, గుంటూరు తరఫున నోబెల్‌కు దరఖాస్తు తయారుచేశాను. డిగ్రీ చదివే మనవరాలు చూసి, "తాతయ్యా, మిరప అసలు మనది కాదు. అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు వాళ్లు తెచ్చారు. అంతకుముందు మనకు కారమంటే మిరియాలే" అంది. మొక్క ఎవరిదైతేనేం, మంట మనదే కదా అన్నాను. మనవరాలు అంతటితో వదల్లేదు.

"సరే, చేలో రామచిలుక పండు మిరపకాయ తిని హాయిగా ఎగిరిపోద్ది. దానికెందుకు మండదో ఎప్పుడైనా ఆలోచించారా?"

పక్షుల్లోనూ ఆ తలుపు ఉందట, కానీ ఈ దొంగతాళం దానికి పట్టదట. గింజల్ని నమలకుండా మింగి ఊరూరా చల్లేది అవే కాబట్టి మిరపకు వాటితో పేచీ లేదట. అరవై ఏళ్లుగా మా చేలో చిలకల్ని చూస్తున్నాను. చూడటమంటే, తోలడం.

దరఖాస్తులో 'పరిశోధనా పద్ధతి' అనే గడి ఇంకా ఖాళీగానే ఉంది. ప్రస్తుతానికి 'వడిసెల, రేకు డబ్బా' అని పెన్సిలుతో రాసి ఉంచాను.